అడవి వాళ్లది... గట్టు మనది!

ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు. తీరా ఎవరైనా మాట్లాడితే మాత్రం తల ఊపి నవ్వేస్తాం. అలా తల ఊపినందుకు ఒక రాత్రి ఎంత భయపడ్డానో చెబుతాను. మీలో ఒక్కరికైనా ఉపయోగపడితే చాలు.

అప్పటికి ఇరవై మూడేళ్లుగా పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. 'వుడ్స్' అంటే ఏమిటని నిద్రలో లేపి అడిగినా 'అడవి' అని ఠక్కున చెప్పేదాన్ని. అలాంటి నేను 2011 జనవరిలో ఇంగ్లండులోని ఓ ఆసుపత్రి వరండాలో ఆ చిన్న మాట దగ్గరే చతికిలబడ్డాను.

మా అమ్మాయికి తొలి కాన్పు. పాప పుట్టింది. కానీ తల్లికి రక్తస్రావం ఆగడం లేదు. రెండు రాత్రులుగా కన్ను మూయని మా అల్లుడు స్నానం చేసి, బట్టలు తీసుకొస్తానని ఇంటికెళ్లాడు. వరండాలో నేనొక్కదాన్నే. బయట మంచు. లోపల నా బిడ్డ. అంతలో తలుపు తెరుచుకుని నర్సమ్మ గబగబా వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. నాకు వినబడినవి నాలుగే నాలుగు ముక్కలు... వుడ్స్, ఐ, రన్, ఫ్యామిలీ.

అడవేమిటి? కన్నేమిటి? అమ్మాయి కంటికేమైనా అయిందా? ఆలోచించేలోపే ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. ఏదో అడిగిందన్న సంగతి మాత్రం గొంతుని బట్టి తెలిసింది. 'రన్', 'ఫ్యామిలీ' రెండూ కలిపి చూసుకున్నాను. సంసారం నడిపేది ఈ అమ్మాయేనా అని అడుగుతోంది కాబోలు! "నో, నో... హర్ హజ్బెండ్" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం అయోమయంగా చూసి, చేతిలో కాగితం మీద ఏదో రాసుకుని లోపలికెళ్లిపోయింది. నేను వెనక నుంచి "థాంక్యూ" అని కూడా అన్నాను!

గంటకి అల్లుడొచ్చాడు. "అత్తయ్యా, నర్సు ఏమైనా చెప్పిందా?"

"ఏదో అడవి అంది బాబూ, కన్ను అంది. ఇల్లు నడిపేది అమ్మాయేనా అని అడిగితే కాదు, మీరేనని చెప్పాను."

ఆ అబ్బాయి మొహం పాలిపోయింది. "అత్తయ్యా, ఆవిడ అడిగింది అది కాదు. ఇలా రక్తం ఆగకపోవడం మీ వంశంలో ఎవరికైనా ఉందా అని."

నేనలాగే బెంచీ మీద కూలబడ్డాను. ఎందుకంటే... ఉంది! మా చెల్లెలికి పన్ను పీకితే రెండు రోజులు రక్తం ఆగలేదు. రెండు కాన్పుల్లోనూ రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఈ సంగతి తెలిసినదాన్ని ఆ ఆసుపత్రిలో నేనొక్కదాన్నే. ఆ తెలిసినదాన్నే 'నో' అన్నాను!

అల్లుడు లోపలికి పరిగెత్తాడు. డాక్టర్లు మళ్లీ రక్తం తీసుకుని పరీక్షకి పంపారు. మందులు మార్చారు. మర్నాటి సాయంత్రానికి గండం గట్టెక్కింది. ఇంకో నాలుగు గంటలు ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టర్లు చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

ఇంతకీ ఆవిడ అన్నదేమిటంటే... "అమ్మాయి ఇంకా అడవిలోంచి బయటపడలేదు, మేం ఓ కన్నేసి ఉంచాం. ఇది మీ కుటుంబంలో పరిగెడుతుందా?" అని. కన్నేసి ఉంచడం మన తెలుగులోనూ ఉంది కదా! చూశారా, ఉన్నది కూడా వినబడలేదు నాకు.

చెవి చేసిన తప్పు

ఇంటికొచ్చాక చాలా రోజులు ఆలోచించాను. నాకు తెలియని మాట ఒక్కటీ లేదు ఆ వాక్యాల్లో. అయినా ఎందుకు తెలియలేదు?

మొదటి తప్పు చెవిది. మా బడిలో ఇంగ్లీషంటే కాగితమే. నేను పాఠం చదివేదాన్ని, పిల్లలు ప్రశ్నలకి జవాబులు రాసేవారు. పదో తరగతి పరీక్షలో విన్నదానికి మార్కులుండేవి కావు. మార్కుల్లేనిదాన్ని ఎవరు నేర్పుతారు? ఎవరు నేర్చుకుంటారు?

దానికి తోడు మన తెలుగు అజంత భాష. దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. ఏ మాట ఎక్కడ ఆగిందో చెవికి తెలిసిపోతుంది. ఇంగ్లీషు అలా కాదు. ఒక మాట చివరి హల్లు తర్వాతి మాట తొలి అచ్చుని పట్టుకుని లాక్కుపోతుంది. కాగితం మీద 'నాట్', 'ఔట్', 'ఆఫ్', 'ద' అని విడివిడిగా ఉన్న నాలుగు మాటలూ నోట్లోంచి వచ్చేసరికి 'నాటౌటవ్‌ద' అని ఒకే ముద్ద. బరువున్న మాటలు పైకి తేలతాయి, చిన్న మాటలు మునిగిపోతాయి. నాకు 'వుడ్స్', 'ఐ' వినబడి, వాటి ముందున్నవి వినబడకపోవడం అందుకే. ఆ మునిగిపోయిన చిన్నమాటల్లోనే ఉంది అసలు సంగతి. 'రన్ ద ఫ్యామిలీ' అంటే సంసారం నడపడం. మధ్యలో 'ఇన్' పడితే వంశంలో ఉండటం. ఒక్క 'ఇన్' జారిపోతే అర్థం మొత్తం జారిపోయింది!

మనమేమన్నా తక్కువ తిన్నామా? పుస్తకంలో 'ఏమి చేస్తున్నావు' అని నేర్చుకున్న దొరగారు మా మఠంపల్లి సెంటర్‌కొచ్చి నిలబడితే ఆయనకి వినబడేది 'ఏంజేస్తున్నవ్' అనే. పాపం ఆయనా తల ఊపి నవ్వాల్సిందే!

అత్తమ్మ నేర్పిన పాఠం

రెండో తప్పు బొమ్మది. మాటకి అర్థం తెలిస్తే సరిపోదు. ఆ మాట మనసులో గీసే బొమ్మ తెలియాలి. ఈ సంగతి నాకు ఏనాడో మా అత్తమ్మ దగ్గర తెలియాల్సింది.

నా పుట్టిల్లు కృష్ణకి అవతల, పల్నాడు. 1986లో పెళ్లయి, బల్లకట్టు మీద నది దాటి మట్టపల్లి రేవులో దిగి మఠంపల్లి కోడలినయ్యాను. అప్పుడిది నల్లగొండ జిల్లా. 2016 నుంచి సూర్యాపేట జిల్లా. నదికి అటూ ఇటూ తెలుగే. అయినా మొదటి ఆరు నెలలు మా అత్తమ్మ మాట సగం తెలిసేది కాదు. "జర సోయి పెట్టి ఇను బిడ్డా" అంటే ఏం పెట్టాలో తెలియక వంటింట్లో వెతికాను! సోయి అంటే ధ్యాస అని మా ఆడపడుచు పడీ పడీ నవ్వి చెప్పింది. "పానం మంచిగ లేదు" అంటే ప్రాణం మీదికొచ్చిందేమోనని హడలిపోయాను. ఒంట్లో బాగాలేదని... అంతే!

అప్పుడు నన్ను కాపాడిందేమిటో తెలుసా? తెలియనప్పుడు అడిగేదాన్ని. కొత్త కోడలిని, అడిగినా ఎవరూ తప్పు పట్టరు. అదే ఇంగ్లీషు టీచరునయ్యాక అడగడం నామోషీ అయిపోయింది.

మనకి కడుపు... వాళ్లకి గుండె

ఓసారి మన కడుపు సంగతే చూడండి. నీ కడుపు చల్లగుండ అని దీవిస్తాం. పక్కింటావిడ కొత్త గొలుసు చూస్తే కడుపుమంట. బిడ్డ పోతే కడుపుకోత. ఎవరైనా తప్పు చేస్తే కడుపులో పెట్టుకుంటాం. ఇంటిగుట్టు బయటపెట్టడానికి మనసొప్పకపోతే, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటాం. ఇందులో ఎక్కడా అన్నం అరిగే కడుపు లేదు! బిడ్డలు, ప్రేమ, అసూయ, ఓర్పు అన్నీ మనకి అక్కడే ఉన్నాయి. ఇంగ్లీషువాళ్లు వీటిలో చాలా వాటిని గుండెకి అప్పగించారు. వాళ్ల కడుపులో మాత్రం కంగారు పుట్టినప్పుడు సీతాకోకచిలుకలు ఎగురుతాయి.

ఇలాంటివి కవులే వాడతారని అనుకుంటాం. కాదు. 1980లో అమెరికాలో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు పండితులు ఒక పుస్తకం రాశారు. మనిషి రోజూ మాట్లాడే మాటల్లోనే రూపకాలు నిండి ఉంటాయని, మనం ఆలోచించేదే వాటితో అని వాళ్ల వాదన. కాలాన్ని డబ్బులా ఖర్చు పెడతాం, వృథా చేస్తాం, మిగుల్చుకుంటాం. నిజమే కదూ! తెలుగులో మాటని చూడండి. మాట ఇస్తాం, మాట జారతాం, మాట తప్పుతాం, మాట నిలబెట్టుకుంటాం, మాటకి కట్టుబడతాం. పొద్దున్నుంచి రాత్రిదాకా ఇవే మాట్లాడుతూ, ఇవి రూపకాలని ఒక్కసారైనా అనుకున్నామా?

పొరబడింది నేనొక్కదాన్నే కాదని ఈ మధ్య చదివాక కాస్త ఊరట కలిగింది. బ్రిటన్‌లో చదువుకోవడానికి వెళ్లిన బంగ్లాదేశ్ ప్రభుత్వాధికారులు అక్కడి పాఠాల్లో రూపకాల్ని ఎలా అర్థం చేసుకున్నారో జానెట్ లిటిల్‌మోర్ అనే పరిశోధకురాలు పరిశీలించి, 2001లోనూ 2003లోనూ వ్యాసాలు రాశారు. మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు. అయినా ప్రొఫెసరు ఒక పద్ధతిని మెచ్చుకుంటున్నారా, తప్పుపడుతున్నారా అన్న దగ్గరే పొరబడ్డారట. తెలియని చోట తమ అలవాట్లకి, తమ విలువలకి సరిపోయే అర్థాన్ని పెట్టేసుకున్నారు. నేను చేసిందీ అదేగా! 'రన్', 'ఫ్యామిలీ' వినబడగానే నాకు తెలిసిన సంసారాన్ని అందులో పెట్టేశాను.

దొరలకీ తప్పలేదు

ఈ తిప్పలు మనకే అనుకోకండి. మన దేశానికొచ్చిన దొరలూ పడ్డారు. 1820లో కడపలో ఉద్యోగానికొచ్చి తెలుగు నేర్చుకున్న సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. అయితే నిఘంటువుతో పని తీరలేదు. 1868లో కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ అనే మరో దొర మన సామెతల్ని పోగుచేసి, ఇంగ్లీషులో వివరిస్తూ 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' అని మద్రాసులో అచ్చువేయించారు. మాటలు తెలిసినా మనిషి మనసు తెలియాలంటే సామెత తెలియాలని వాళ్లకి అర్థమైంది. మరి మనం ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు ఆ పని ఎందుకు చేయకూడదు?

ఆ ఆలోచనతోనే నాకు అసలు కిటుకు దొరికింది. వాళ్ల ముసలమ్మ కథల్లో ఆపదంటే అడవి. చీకటి, దారి తెలియదు, తోడేళ్లు. బయటపడితే బతికినట్టు. మన కథల్లోనూ అడవి ఉంది. కానీ కృష్ణ ఒడ్డు మనుషులకి ఆపదంటే నదే. 2009 అక్టోబరులో కృష్ణకి వచ్చిన వరద చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. అందుకే మనం గండం 'గట్టెక్కింది' అంటాం, 'ఒడ్డున పడ్డాం' అంటాం. వాళ్లు అడవిలోంచి బయటికి నడుస్తారు. మనం నీళ్లలోంచి గట్టు ఎక్కుతాం. భయం ఒకటే, ఊరట ఒకటే. ఆ నర్సమ్మ నాతో అన్నది 'మీ అమ్మాయి ఇంకా గట్టెక్కలేదమ్మా' అని!

ఆదివారం తరగతి

రిటైరయ్యాక ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. చదవడానికి బాగానే ఉంది. మరి వినడానికి? మా చుట్టుపక్కల తల్లులు కొందరు మిరపచేలకి, కొందరు సిమెంటు ఫ్యాక్టరీల వైపు పనులకి పోతారు. పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లెవరు? అందుకని ఆదివారం సాయంత్రం మా వరండాలో ఎనిమిది మంది ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుంటున్నాను.

పద్ధతి చాలా తేలిక. ఫోనులో ఒక్క నిమిషం సంభాషణ వినిపిస్తాను. మొదటిసారి కాగితం, పెన్ను ముట్టుకోకూడదు. ఎవరు మాట్లాడుతున్నారు, సంతోషంగా ఉన్నారా, బాధలో ఉన్నారా... ఇదొక్కటే చెప్పాలి. రెండోసారి పైకి తేలిన మాటలు రాసుకోవాలి. మూడోసారి మునిగిపోయిన చిన్నమాటల్ని పట్టుకోవాలి. ఆ తర్వాతే రాతలో చూడాలి.

ఇక రెండో పని. ప్రతి పిల్లా ఇంట్లో నాయనమ్మనో అమ్మమ్మనో అడిగి ఒక తెలుగు జాతీయం తేవాలి. నేనొక ఇంగ్లీషు జాతీయం చెబుతాను. రెండింటికీ జత కుదురుతుందేమో చూడాలి. బడికి పోని నాయనమ్మ మాట ఇంగ్లీషు క్లాసులో పాఠమైందని ఒక ముసలావిడ ఎంత మురిసిపోయిందో! "నా మాటలు గూడ పుస్తకంల రాస్తున్నరా టీచరమ్మా?" అని వచ్చి చూసి మరీ వెళ్లింది.

జతలు కుదిరేటప్పుడు సరదాగా ఉంటుంది. కుదిరినట్టు కనిపించి దగా చేసేటప్పుడు ఇంకా సరదాగా ఉంటుంది. ఇంగ్లీషువాడి గొంతులో కప్ప ఉందంటే గొంతు బొంగురుపోయిందని. మన గొంతులో వెలక్కాయ పడిందంటే నోట మాట రాలేదని. రెండూ గొంతులోవే, అర్థాలు వేరు. మన వెలక్కాయని ఇంగ్లీషులోకి మార్చి అక్కడి డాక్టరుకి చెబితే ఆయన స్కానింగు రాసినా రాస్తాడు! అందుకే జత కుదిరాక కూడా, ఇది ఎక్కడ కుదరదో ఇంకో గడిలో రాయమంటాను.

పిల్లల్లో ఒకమ్మాయి నర్సింగు పూర్తిచేసింది. పైదేశంలో ఉద్యోగానికి పోవాలని ఆశ. ఐఈఎల్‌టీఎస్‌లో వినే పరీక్ష సుమారు అరగంట. నలభై ప్రశ్నలు. టేపు ఒక్కసారే వినిపిస్తారు. నర్సులకి, డాక్టర్లకి ఓఈటీ అని విడిగా ఇంకో పరీక్ష ఉంది. అందులో రోగి చెప్పుకునే బాధ విని నోట్సు పూర్తి చేయాలి. రోగులు పుస్తకాల భాషలో మాట్లాడతారా? 'కాళ్లలో సూదులు, పిన్నులు' అంటారు. తిమ్మిరెక్కిందని. 'వాతావరణం కింద ఉన్నాను' అంటారు. ఒంట్లో నలతగా ఉందని. బ్రిటన్‌లో పెద్దవయసు ఆడవాళ్లు కొందరు 'ఒక పెన్నీ ఖర్చు చేసి రావాలి' అంటారు. అక్కడ ఒకప్పుడు బయటి మరుగుదొడ్డికి ఒక పెన్నీ పడేది. ఈ మాట తెలియని నర్సు చిల్లర వెతుకుతుంటే ఆ ముసలావిడ గతేం కావాలి?

మొదట్లో ఆ అమ్మాయికి ఏడుపే తక్కువ. "మేడం, చదివితే అన్నీ సమజైతయి. ఇంటే ఒక్కటి గూడ దొరకది. నాతోని కాదు" అనేది. ఆ ఆసుపత్రి కథ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది, "మేడం, రేపు నేను నర్సునైనంక... మీ అసొంటి అమ్మ వరండాల కూసుంటే, నేను అడవి, చెట్లు అని చెప్పను. సక్కగ చెప్త."

నాకు కళ్లు చెమర్చాయి. వినడం నేర్చుకోవడంలో ఇంత మాట ఉందని నేనూ అనుకోలేదు. ఎదుటివాడికి ఎలా వినబడుతుందో తెలుసుకోవడమూ అందులో భాగమే.

మీరూ ప్రయత్నించండి

* రోజూ అరగంట విని వదిలేయడం కన్నా ఒక్క నిమిషం టేపుని మూడుసార్లు వినడం మేలు. కింద అక్షరాలు కనబడకుండా చూసుకోండి. అక్షరాలుంటే చెవి పడుకుంటుంది, కళ్లు పనిచేస్తాయి.

* ఆసుపత్రి మాటల మధ్య అడవి, బ్యాంకులో చేప... ఇలా సంబంధం లేని మాట వినబడితే అది జాతీయమై ఉండొచ్చని గ్రహించండి. గొంతు మంచి కబురు చెబుతోందా, చెడు కబురా చూడండి. సగం అర్థం అక్కడే ఉంటుంది.

* చిన్న నోటుబుక్కులో మూడు గడులు గీయండి. ఇంగ్లీషు జాతీయం ఒకదాంట్లో, దగ్గరగా ఉన్న తెలుగు జాతీయం రెండోదాంట్లో, రెండింటికీ ఉన్న తేడా మూడోదాంట్లో. వారానికి మూడు చాలు.

* తెలియకపోతే తల ఊపకండి. "సారీ, సింపుల్ వర్డ్స్‌లో చెప్పండి" అని అడగడానికి ఒక ఇంగ్లీషు వాక్యం ముందే కంఠతా పెట్టుకోండి... "కుడ్ యూ సే దట్ ఇన్ సింపుల్ వర్డ్స్, ప్లీజ్?" తర్వాత మీకు అర్థమైంది మీ మాటల్లో తిరిగి చెప్పండి. తప్పయితే వాళ్లే దిద్దుతారు.

* అమ్మాయి కాన్పుకి పైదేశం వెళ్లే తల్లులూ! మీ వైపు, వియ్యాలవారి వైపు ఉన్న జబ్బులన్నీ ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాయించి పట్టుకెళ్లండి. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యసేవలో దుబాసీని ఉచితంగా అడగొచ్చు. అడగడం నామోషీ కాదు.

ఆ రాత్రి పుట్టిన మా మనవరాలికి అయిదేళ్లున్నప్పుడు ఒకసారి ఫోను చేసి, వాళ్ల బళ్లో నాకోసం గీసిన బొమ్మ చూపించింది. ముచ్చటేసి మా అత్తమ్మ మాటే వచ్చింది నోటికి... "నీ కడుపు చల్లగుండ తల్లీ!" అన్నాను.

అది పొట్ట తడుముకుని, కనుబొమలు ముడిచి, "అమ్మమ్మా, నేను ఐస్‌క్రీమ్ తినలేదే! అంటే ఏంటి?" అంది.

నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎంతో తృప్తిగా అనిపించింది. 'అంటే ఏంటి' అని అడగడం అయిదేళ్ల పిల్లకి వచ్చు. ఆ రాత్రి వరండాలో ఆ రెండు మాటలే నాకు రాలేదు.